సెప్సిస్‌లో మెలటోనిన్: వాపు తగ్గాలి, కుట్లూ అతుక్కోవాలి

పేగుకు చిల్లు పడి, పొట్ట నిండా చీము చేరి, అర్ధరాత్రి అత్యవసరంగా ఆపరేషన్ చేయాల్సి వచ్చిన రోగి విషయంలో సర్జన్‌కు రెండు భయాలుంటాయి. మొదటిది ఐసీయూ బయట నిలబడ్డ బంధువులకు చెప్పేదే: "ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకింది, రెండు రోజులు గడిస్తే గానీ ఏమీ చెప్పలేం." రెండోది అంత త్వరగా బయటికి చెప్పరు. కలిపి కుట్టిన పేగు నిలుస్తుందా? పొట్ట మీద వేసిన కుట్లు వారం తర్వాత విడిపోకుండా ఉంటాయా?

ఈ రెండు భయాలకూ ఒకే మందు దొరకడం కష్టం. ఒంట్లో చెలరేగిన వాపు ప్రక్రియను, అంటే ఇన్‌ఫ్లమేషన్‌ను, అణిచే మందు అనగానే గుర్తొచ్చేవి స్టెరాయిడ్లు. అవి గాయం మానడాన్ని ఆలస్యం చేస్తాయన్నది సర్జరీ చదివే ప్రతి విద్యార్థికీ తెలిసిన పాఠం. అలాంటప్పుడు ఒకే పదార్థం సెప్సిస్‌లో వాపును తగ్గిస్తుందనీ, గాయాన్ని త్వరగా మాన్పుతుందనీ చెబితే అనుమానం రావాలి. మందుల షాపులో నిద్ర కోసం అమ్మే మెలటోనిన్ గురించి ఎలుకల మీద చేసిన ప్రయోగాలు పాతికేళ్లుగా దాదాపు అదే మాట చెబుతున్నాయి. ఆ మాట ఎంతవరకు నిలబడుతుందో చూడాలంటే ముందు సెప్సిస్‌ను, గాయాన్ని, మెలటోనిన్‌ను విడివిడిగా చూడాలి.

సెప్సిస్ అంటే రక్తంలో క్రిములు చేరడమేనని చాలామంది అనుకుంటారు. బ్లడ్ కల్చర్‌లో ఒక్క క్రిమీ పెరగకుండానే సెప్సిస్‌తో చనిపోయేవాళ్లున్నారు. 2016లో అంతర్జాతీయ నిపుణులు ఇచ్చిన నిర్వచనం ప్రకారం, ఇన్ఫెక్షన్‌కు శరీరం అదుపు తప్పి స్పందించడం వల్ల అవయవాలు ప్రాణం మీదికి వచ్చేంతగా దెబ్బతినడమే సెప్సిస్. 2017లో ప్రపంచవ్యాప్తంగా 4.89 కోట్ల మందికి ఇది వచ్చిందని, 1.1 కోట్ల మంది చనిపోయారని ఒక పెద్ద అంచనా. ఆ ఏడాది సంభవించిన మరణాల్లో దాదాపు అయిదో వంతు అది.

అదుపు తప్పడం ఎలా మొదలవుతుంది? పేగులో ఉండే ఈ కొలై లాంటి బ్యాక్టీరియా గోడలో ఎండోటాక్సిన్ అనే పదార్థం ఉంటుంది. మన రక్షణ కణాల ఉపరితలం మీదున్న ఒక గ్రాహకం, దాని పేరు టోల్ లైక్ రిసెప్టర్ 4, దీన్ని పసిగడుతుంది. వెంటనే కణంలో ఎన్‌ఎఫ్ కప్పా బీ అనే ప్రోటీన్ కేంద్రకంలోకి వెళ్లి వాపుకు సంబంధించిన జన్యువులను మేల్కొలుపుతుంది. టీఎన్‌ఎఫ్ ఆల్ఫా, ఇంటర్‌ల్యూకిన్ 1 బీటా, ఇంటర్‌ల్యూకిన్ 6 లాంటి రసాయన సంకేతాలు రక్తంలోకి వెల్లువెత్తుతాయి. నైట్రిక్ ఆక్సైడ్ అతిగా తయారై రక్తనాళాలు సడలిపోతాయి, బీపీ పడిపోతుంది. ఆ నైట్రిక్ ఆక్సైడే సూపర్ఆక్సైడ్‌తో కలిసి పెరాక్సీనైట్రైట్ అనే మరింత విధ్వంసక పదార్థమై, కణాలకు శక్తినిచ్చే మైటోకాండ్రియాను దెబ్బతీస్తుంది. అందుకే సెప్సిస్ రోగికి వెంటిలేటర్ మీద ఆక్సిజన్ ఎంత ఇచ్చినా, కణాలు దాన్ని సరిగా వాడుకోలేని దశ ఒకటి వస్తుంది.

కథ ఇక్కడితో అయిపోతే మందు కనిపెట్టడం ఇంత కష్టమయ్యేది కాదు. ఈ విజృంభణతో పాటే, కొన్నిసార్లు దాని వెనకాలే, రక్షణ వ్యవస్థ చతికిలబడటమూ జరుగుతుంది. తెల్ల రక్తకణాల్లో లింఫోసైట్లు పెద్ద సంఖ్యలో చనిపోతాయి, మోనోసైట్లు మొద్దుబారతాయి. మొదటి వారం గట్టెక్కిన రోగి రెండో వారంలో ఆస్పత్రి క్రిములకు చిక్కడం వెనక కారణం ఇదే. కాబట్టి "సెప్సిస్‌లో వాపు తగ్గించాలి" అనే వాక్యం సగమే నిజం. ఎవరిలో, ఏ రోజున అన్నది చెప్పకపోతే దానికి అర్థమే లేదు.

ఈ సగం నిజాన్ని పూర్తి నిజంగా నమ్మి చేసిన ట్రయల్స్ చరిత్ర అంత గొప్పగా లేదు. 1996లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో సెప్టిక్ షాక్ రోగులకు, అంటే సెప్సిస్‌తో బీపీ ప్రమాదకరంగా పడిపోయినవాళ్లకు, టీఎన్‌ఎఫ్‌ను పట్టి ఆపే మందు ఇస్తే, మోతాదు పెరిగేకొద్దీ మరణాలు పెరిగాయి. ఎండోటాక్సిన్‌ను పసిగట్టే గ్రాహకాన్నే మూసేసే ఎరిటోరాన్ 2013లో ఫలితం చూపలేకపోయింది. 2001లో అమెరికాలో అనుమతి పొంది, ఎంతో ఖరీదుకు అమ్ముడైన యాక్టివేటెడ్ ప్రోటీన్ సీ మందును 2011లో కంపెనీయే మార్కెట్ నుంచి వెనక్కు తీసుకుంది. ఎలుకల్లో బ్రహ్మాండంగా పనిచేసి మనుషుల దగ్గర చతికిలపడిన మందుల జాబితా సెప్సిస్‌లో ఉన్నంత పొడవుగా మరే జబ్బులోనూ లేదేమో. మెలటోనిన్ గురించి చదివేటప్పుడు ఈ జాబితా పక్కనే పెట్టుకోవాలి.

ఇక గాయం. కోసిన చోట మొదట రక్తం గడ్డకడుతుంది. గంటల్లోనే న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు చేరి క్రిములను, చచ్చిన కణజాలాన్ని శుభ్రం చేస్తాయి. రెండు మూడు రోజులకు మాక్రోఫేజ్‌లు అనే మరో రకం రక్షణ కణాలు పగ్గాలు తీసుకుంటాయి. వాటి సంకేతాలతో ఫైబ్రోబ్లాస్ట్‌లు అనే కణాలు వచ్చి, కణజాలానికి బలమిచ్చే కొల్లాజెన్ అనే ప్రోటీన్‌ను అల్లుతాయి, కొత్త సూక్ష్మ రక్తనాళాలు మొలుస్తాయి. ఇందులో మొదటి అంకమంతా ఇన్‌ఫ్లమేషనే. పొయ్యిలో మంట లేకపోతే అన్నం ఉడకదు, ఆ మంట ఎగిరి పైకప్పుకు అంటుకుంటే ఇల్లు దక్కదు. స్టెరాయిడ్ పైకప్పు మీదా, పొయ్యిలోనూ ఒకేసారి నీళ్లు పోస్తుంది. అందుకే గాయం వెనకబడుతుంది.

కొత్త గాయం ఎంత బలహీనంగా ఉంటుందో బయటివాళ్లకు తెలియదు. మొదటి వారం చివరికి దాని బలం మామూలు చర్మం బలంలో పదో వంతు కూడా ఉండదు. మూడు నెలలకు 80 శాతం దాకా వస్తుంది, పూర్తి బలం ఎప్పటికీ రాదు. అంటే తొలి వారమంతా పొట్టను పట్టి ఉంచేది దారమే. పేగు కలిపిన చోట పరిస్థితి ఇంకా సున్నితం. మొదటి మూడు నాలుగు రోజుల్లో పాత కొల్లాజెన్ కరిగిపోతుంటుంది, కొత్తది ఇంకా పడదు. లీకులు తరచు ఆ తర్వాతి రోజుల్లో బయటపడటానికి ఇదొక కారణం.

సెప్సిస్ ఈ మొత్తం క్రమాన్ని నాలుగు వైపుల నుంచీ దెబ్బకొడుతుంది. ప్రాణం నిలబెట్టడానికి శరీరం గుండెకు, మెదడుకు రక్తం మళ్లించి చర్మానికి, పేగుకు కోత పెడుతుంది. బీపీ నిలబెట్టే నార్ఎడ్రినలిన్ డ్రిప్ ఆ కోతను ఇంకొంత పెంచగలదు. కొల్లాజెన్ పోగులు గట్టిపడాలంటే అందులోని ప్రోలిన్ అనే అమైనో ఆమ్లానికి ఆక్సిజన్ జత కావాలి. రక్తం అందని చోట ఆక్సిజన్ ఎక్కణ్నుంచి వస్తుంది? కండరాల్లోని ప్రోటీన్ కరిగిపోతుంటుంది, ఎక్కించిన సెలైన్ల నీరు కణజాలంలో ఊరి కుట్ల దగ్గర ఉబ్బు తెస్తుంది. వెళ్లిపోవాల్సిన న్యూట్రోఫిల్స్ గాయంలోనే తిష్ఠవేసి, తమ ఎంజైములతో కొత్త కొల్లాజెన్‌నే నమిలేస్తాయి. ఇలా చూస్తే సెప్సిస్ రోగి గాయంలో ఉన్న ఇబ్బంది వాపు ఉండటం కాదు, సమయానికి ముగియకపోవడం. మెలటోనిన్ మీద ఆశకు మూలం ఇక్కడే ఉంది.

మెలటోనిన్ బయటపడిన తీరులోనే చర్మం ఉంది. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో ఆరన్ లెర్నర్ అనే చర్మవైద్యుడు బొల్లికి చికిత్స వెతుకుతూ, కప్పల చర్మాన్ని తెల్లబరిచే పదార్థం కోసం వేలకొద్దీ పశువుల మెదడులోని పీనియల్ గ్రంథులను వడగట్టి 1958లో దీన్ని విడదీశాడు. బొల్లికి పనికిరాలేదు. నిద్రతో, రాత్రితో దీనికున్న సంబంధం తర్వాత తేలింది. కంటి రెటినాలోని ప్రత్యేక కణాలు వెలుగును పసిగట్టి మెదడులోని గడియారానికి చెబుతాయి. చీకటి పడ్డాక ఆ గడియారం పీనియల్ గ్రంథికి అనుమతిస్తుంది. ట్రిప్టోఫాన్ నుంచి సెరటోనిన్, దాన్నుంచి మెలటోనిన్ తయారవుతుంది. పగలు మిల్లీలీటరు రక్తంలో 10 పికోగ్రాములకు లోపు, నడిరాత్రి 60 నుంచి 100 దాకా. పికోగ్రామంటే గ్రాములో లక్ష కోట్లవ వంతు. అంత కొద్దిపాటి మోతాదు "రాత్రయింది" అని ఒళ్లంతా చాటుతుంది.

1990ల మొదట్లో టెక్సస్‌లో రస్సెల్ రైటర్ బృందం దీనికి రెండో పని ఉందని చూపింది. మెలటోనిన్ అణువు ఫ్రీ రాడికల్స్‌ను, అంటే కణాలను దెబ్బతీసే అస్థిర అణువులను, నేరుగా పట్టి నిర్వీర్యం చేస్తుంది. అలా చేశాక మిగిలే ముక్కలు కూడా అదే పని కొనసాగిస్తాయి. కొవ్వులోనూ నీటిలోనూ ఇమడగలదు కాబట్టి కణత్వచం దాటి మైటోకాండ్రియా దాకా వెళ్తుంది.

చాలా వ్యాసాల్లో గందరగోళం ఈ రెండు పనులను కలిపేయడంతో మొదలవుతుంది. రాత్రి సంకేతంగా పనిచేయడానికి కణాల మీద మెలటోనిన్‌ను గుర్తించే ఎంటీ1, ఎంటీ2 గ్రాహకాలు చాలు, పికోగ్రాములు చాలు. ఫ్రీ రాడికల్స్‌ను తుడిచెయ్యాలంటే రక్తంలో దాని మోతాదు వందల వేల రెట్లు పెరగాలి. మొదటిది హార్మోన్, రెండోది దాదాపు కొత్త మందు. మన ఒంట్లో సహజంగా ఉంది కదా అని రెండోదాన్ని మొదటిదాని ఖాతాలో వేసి "సహజమైనది, భయం లేదు" అనడం నాకు మింగుడుపడదు.

సెప్సిస్ ప్రయోగాల్లో వాడేది ఈ రెండో రకం. అక్కడ కనిపించిన ఫలితాలు తీసిపారేయదగ్గవి మాత్రం కావు. ఎలుక పెద్దపేగు మొదట్లో సంచిలా ఉండే సీకమ్‌ను ముడివేసి సూదితో చిల్లుపొడిచి సెప్సిస్ తెప్పించడం ఈ రంగంలో వాడుకలో ఉన్న పద్ధతి. మనిషిలో అపెండిక్స్ పగిలితే జరిగేదానికి ఇది దగ్గర. అలాంటి ఎలుకలకు మెలటోనిన్ ఇచ్చినప్పుడు ఎన్‌ఎఫ్ కప్పా బీ చురుకుదనం తగ్గింది, నైట్రిక్ ఆక్సైడ్‌ను అతిగా తయారుచేసే ఎంజైము తగ్గింది, మైటోకాండ్రియా పనితీరు మెరుగైంది. ఎన్‌ఎల్‌ఆర్‌పీ3 అనే మరో వాపు యంత్రాంగాన్నీ అది అదుపు చేస్తుందని స్పెయిన్‌లోని గ్రనడా శాస్త్రవేత్తలు 2015లో చూపారు. ఈ రంగంలో అత్యంత పట్టుదలగా పనిచేస్తున్నది వాళ్లే.

గాయం మాటేమిటి? న్యూజిలాండ్‌లో ఎలుకల చర్మానికి పూర్తి లోతు కోత పెట్టి, మెలటోనిన్‌ను అక్కడే చర్మంలోకి ఎక్కించి చేసిన ప్రయోగం 2008లో వచ్చింది. నన్ను అన్నిటికంటే ఆకట్టుకున్నది ఇదే. మెలటోనిన్ నైట్రిక్ ఆక్సైడ్ ఎంజైమును వాపు దశలో తగ్గించింది, తర్వాత కణజాలం పెరిగే దశలో పెంచింది. రక్తనాళాలను మొలిపించే వీఈజీఎఫ్ పెరిగింది, మచ్చ తీరూ మెరుగుపడింది. అంటే ఒకే ఎంజైమును వేళను బట్టి ఒకసారి తొక్కిపట్టి, మరోసారి లేపింది. స్టెరాయిడ్‌కు ఈ విచక్షణ లేదు. టర్కీలోని సర్జన్లు చేసిన ప్రయోగాల్లో పీనియల్ గ్రంథి తీసేసిన ఎలుకల గాయాల్లో హైడ్రాక్సీప్రోలిన్ తగ్గితే, మెలటోనిన్ ఇచ్చాక అది కోలుకుంది. హైడ్రాక్సీప్రోలిన్ కొల్లాజెన్‌లో తప్ప దాదాపు మరెక్కడా ఉండదు కాబట్టి, గాయంలో ఎంత కొల్లాజెన్ పడిందో తెలుసుకోవడానికి దాన్ని కొలుస్తారు. చర్మం మీది కోతకైతే ఎంత లాగితే తెగుతుందో, పేగు కలిపిన చోటైతే ఎంత ఒత్తిడికి పగులుతుందో కూడా చూస్తారు.

ఇక్కడే ఒక అడ్డుపుల్ల ఉంది. పోలండ్‌లోని వుడ్జ్ నగరంలో 1990ల నుంచి ఇదే ప్రశ్న మీద పనిచేసిన పరిశోధకులకు సరిగ్గా వ్యతిరేక ఫలితం వచ్చింది. అక్కడ పీనియల్ తీసేసిన ఎలుకల గాయాల్లో కొల్లాజెన్ పెరిగింది, మెలటోనిన్ ఇస్తే తగ్గింది. రెండు చోట్లా ఎలుకలే, హార్మోన్ ఒకటే, ఆపరేషన్ కూడా ఒకటే. మోతాదు, ఇంజెక్షన్ ఇచ్చిన పూట, గాయం రకం తేడాగా ఉంటే ఫలితం తలకిందులు కావచ్చన్నది దీన్నుంచి నేను తీసుకునే అర్థం. మెలటోనిన్‌ను పొగుడుతూ రాసే సమీక్షల్లో పోలండ్ ఫలితాలకు తగినంత చోటు దొరకదు. దొరికినా "మచ్చ అతిగా పెరగకుండా చూస్తుంది" అని వాటిని కూడా మెప్పు ఖాతాలోకే మళ్లిస్తారు. కొల్లాజెన్ పెరిగినా మంచిదే, తగ్గినా మంచిదే అంటే పరీక్షకు అర్థమేముంది?

రక్షణ వ్యవస్థ విషయంలోనూ ఇలాంటి ఇరుకే ఉంది. మెలటోనిన్ ప్రతిసారీ వాపును తగ్గిస్తుందని కాదు. మామూలు పరిస్థితుల్లో కొన్ని రక్షణ కణాలను అది ఉత్సాహపరుస్తుంది. స్పెయిన్‌లోనే సెవిల్ పరిశోధకులు 2013లో దీన్ని ఒక సూత్రంగా చెప్పారు: రక్షణ వ్యవస్థ నీరసంగా ఉంటే లేపుతుంది, రెచ్చిపోతే సర్దుతుంది. సెప్సిస్‌లో రెండు దశలూ ఉన్నాయి కాబట్టి ఇది నిజమైతే ఇంతకంటే కావాల్సిందేముంది. కానీ ఏ ఫలితం వచ్చినా సరిపోయే సూత్రాన్ని జాగ్రత్తగా పట్టుకోవాలి. ఐసీయూలో పడుకున్న మనిషి ఆ రోజు ఏ దశలో ఉన్నాడో, అతనిలో మెలటోనిన్ ఏ వైపు తిరుగుతుందో ముందే చెప్పగలిగినప్పుడే అది వైద్యానికి పనికొస్తుంది.

ఎలుకల ఫలితాలను మనిషికి తెచ్చేటప్పుడు ఇంకో మూడు చిక్కులున్నాయి. ప్రయోగశాలల్లో అత్యధికంగా వాడే సీ57 బ్లాక్ 6 అనే చిట్టెలుకల జాతి జన్యులోపం వల్ల మెలటోనిన్‌ను దాదాపు తయారు చేసుకోలేదు. దానికి మెలటోనిన్ ఇవ్వడమంటే దాని రక్తంలో అసలే లేని హార్మోన్‌ను పోయడం. పైగా ఎలుకలు నిశాచరాలు. వాటిలో కూడా మెలటోనిన్ రాత్రే పెరుగుతుంది, అయితే ఆ రాత్రి వాటికి పని వేళ. మనకు విశ్రాంతి సంకేతమైనది వాటికి మేల్కొలుపు వేళకు వస్తుంది. మూడోది సమయం. చాలా ప్రయోగాల్లో మెలటోనిన్‌ను చిల్లు పొడవడానికి ముందో, పొడిచిన కొద్ది గంటల్లోనో ఇచ్చారు. మన రోగి కడుపునొప్పికి ముందు సోడా తాగి, ఆర్‌ఎంపీ దగ్గర ఇంజెక్షన్ వేయించుకుని, మూడో రోజుకు జిల్లా ఆస్పత్రికి చేరతాడు.

మోతాదు లెక్క కూడా చూద్దాం. పెద్ద ఎలుకలకు కిలోకు 10 మిల్లీగ్రాములు ఇవ్వడం మామూలే. శరీర ఉపరితల వైశాల్యం ప్రకారం మార్చితే 70 కిలోల మనిషికి అది సుమారు 110 మిల్లీగ్రాములు. మందుల షాపులో దొరికే మాత్ర 3, 5, మహా అయితే 10. పైగా మింగిన దాంట్లో ఎక్కువ భాగం కాలేయంలోనే విరిగిపోయి, సగటున 15 శాతం మాత్రమే రక్తంలోకి చేరుతుంది. చేరింది కూడా గంట లోపే సగమైపోతుంది. కాబట్టి "సెప్సిస్‌లో మెలటోనిన్ పనిచేస్తుందట" అన్న వార్త చదివి 3 మిల్లీగ్రాముల మాత్ర వైపు చూడటంలో లెక్కే కుదరదు.

మనుషుల మీద ఏం జరిగింది? 2001లో ఇటలీలోని మెస్సీనాలో సెప్సిస్ సోకిన నవజాత శిశువుల మీద చేసిన అధ్యయనం అందరూ ఉటంకించేది. పది మంది పసికందులకు 20 మిల్లీగ్రాముల మెలటోనిన్ ఇచ్చారు, పది మందికి ఇవ్వలేదు. ఇవ్వనివాళ్లలో ముగ్గురు చనిపోయారు, ఇచ్చినవాళ్లలో ఎవరూ చనిపోలేదు. కొవ్వుల ఆక్సీకరణను చూపే సూచికలు కూడా తగ్గాయి. వినడానికి అద్భుతం. కానీ పదికి పది అంటే ఆ తేడా యాదృచ్ఛికంగానూ రావచ్చు. 2014లో స్కాట్లండ్‌లోని అబర్డీన్‌లో ఆరోగ్యవంతులకు 20 నుంచి 100 మిల్లీగ్రాముల దాకా ఇచ్చి చూస్తే చెప్పుకోదగ్గ దుష్ప్రభావాలు కనిపించలేదు. భద్రత వైపు అది మంచి వార్త. డెన్మార్క్‌లో ఆరోగ్యవంతులైన మగవాళ్లకు అతి తక్కువ ఎండోటాక్సిన్ ఎక్కించి, దాంతోపాటు మెలటోనిన్ డ్రిప్ పెట్టారు. పగలు చేసినప్పుడు ఇంటర్‌ల్యూకిన్ 1 బీటా తగ్గింది గానీ టీఎన్‌ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్ 6 కదల్లేదు. రాత్రి చేసినప్పుడు మెలటోనిన్ ప్రభావమే లేదు. ఎలుకల్లో అన్ని సూచికలనూ ఒక్కసారే దించిన అణువు మనిషిలో ఇంత మెత్తగా కనిపించడం చాలా చెబుతుంది.

మన ప్రశ్నకు అతి దగ్గరగా వచ్చింది 2023లో గ్రనడా నుంచే వెలువడిన ట్రయల్. తీవ్రమైన సెప్సిస్‌తో ఐసీయూలో చేరిన సర్జరీ రోగులు 29 మంది. కొందరికి రోజుకు 60 మిల్లీగ్రాముల మెలటోనిన్ అయిదు రోజులు నరం ద్వారా, మిగతావాళ్లకు ఉత్తుత్తి మందు. ఎవరికి ఏది వెళ్తోందో రోగికీ తెలియదు, డాక్టరుకూ తెలియదు. మెలటోనిన్ పుచ్చుకున్నవాళ్లలో ఆక్సీకరణ, వాపు సూచికలు మెరుగయ్యాయి, ఆస్పత్రిలో గడిపిన రోజులు తగ్గాయి, మందు వల్ల హాని కనిపించలేదు. ఇది సరైన రోగులు, సరైన మోతాదు, సరైన పద్ధతి ఉన్న అధ్యయనం. లోటు 29 అన్న అంకెలోనే ఉంది. సెప్సిస్‌లో ఒక రోగికీ ఇంకో రోగికీ ఉండే తేడా ఎంత పెద్దదంటే, ఇంత చిన్న గుంపులో ఇద్దరు ముగ్గురు కాస్త గట్టి మనుషులు ఒకవైపు పడితే చాలు, ఫలితం అటు మొగ్గుతుంది.

పెద్ద సంఖ్యలు ఏం చేయగలవో రెండు ఉదాహరణలున్నాయి. ఐసీయూ రోగుల్లో మతిభ్రమణను, అంటే డెలిరియంను, మెలటోనిన్ ఆపుతుందని చాలా ఆశలుండేవి. ఆస్ట్రేలియాలో 850 మంది మీద రాత్రికి 4 మిల్లీగ్రాములతో పరీక్షించి 2022లో ఫలితం ప్రకటించారు: తేడా లేదు. రెండో ఉదాహరణ నాకు ఇంకా ముఖ్యం. విటమిన్ సీ కూడా యాంటీఆక్సిడెంటే, కొల్లాజెన్ తయారీకి తప్పనిసరే, చిన్న అధ్యయనాల్లో సెప్సిస్‌కు దివ్యంగా కనిపించినదే. 872 మంది సెప్సిస్ రోగుల మీద చేసిన ట్రయల్ 2022లోనే వచ్చింది. మరణం గానీ, అవయవ వైఫల్యం కొనసాగడం గానీ విటమిన్ సీ అధిక మోతాదులో పొందినవాళ్లలో 44.5 శాతం, పొందనివాళ్లలో 38.5 శాతం. మేలు చేయకపోవడమే కాదు, హాని వైపు మొగ్గింది. కాగితం మీద మెలటోనిన్‌కున్న యోగ్యతలన్నీ విటమిన్ సీకీ ఉండేవి.

అందుకే 2021 నాటి అంతర్జాతీయ సెప్సిస్ మార్గదర్శకాల్లో మెలటోనిన్ చికిత్సగా లేకపోవడం నాకు అన్యాయంగా అనిపించదు. సెప్టిక్ షాక్ అనుకుంటే గంటలోపు యాంటీబయాటిక్, బీపీ తగ్గితే సెలైన్, అవసరమైతే నార్ఎడ్రినలిన్, చీమున్న చోటును వీలైనంత త్వరగా తెరిచి శుభ్రం చేయడం. గాయం మానడానికి కూడా వీటిని మించిన మందు లేదు. పొట్టలో చీము మిగిలిపోతే పైన ఏ అణువు ఎక్కించినా కుట్లు నిలవవు.

మందు సంగతి పక్కన పెట్టి, మొదటి రకం మెలటోనిన్‌ను, అంటే మనదైన రాత్రి సంకేతాన్ని చూస్తే ఇంకో దారి కనిపిస్తుంది. తీవ్రమైన సెప్సిస్‌తో మత్తులో ఉంచిన 17 మంది రోగుల మూత్రాన్ని వియన్నాలో పరీక్షిస్తే, 16 మందిలో మెలటోనిన్ పగలు రాత్రి తేడా మాయమైందని 2002లో ప్రచురించారు. ఐసీయూలోకి ఒక్కసారి వెళ్లొచ్చినవాళ్లకు ఇందులో ఆశ్చర్యం ఉండదు. ట్యూబులైట్లు ఇరవై నాలుగు గంటలూ వెలుగుతుంటాయి, అలారాలు మోగుతుంటాయి, తెల్లవారుజామున మూడింటికి రక్తం తీస్తారు. అయితే వెలుగు ఒక్కటే కారణమా, సెప్సిస్ తానే గడియారాన్ని చెడగొడుతుందా? అదే ఐసీయూలో సెప్సిస్ లేని రోగుల్లో లయ చాలావరకు నిలిచి ఉంది కాబట్టి, జబ్బు పాత్రే పెద్దదనుకోవాలి.

గాయానికీ గడియారానికీ సంబంధం ఉందనడానికి కేంబ్రిడ్జ్ పరిశోధకులు 2017లో చూపిన ఆధారం గట్టిది. ఇంగ్లండ్, వేల్స్ ఆస్పత్రుల్లో కాలిన గాయాలతో చేరిన 118 మంది రికార్డులు చూస్తే, పగలు కాలినవాళ్లకు మానడానికి సగటున 17 రోజులు, రాత్రి కాలినవాళ్లకు 28 రోజులు పట్టింది. గాయం పూడ్చడానికి కదిలే ఫైబ్రోబ్లాస్ట్‌లలో సొంత గడియారం ఉంది, వాటి చురుకు పగటి వేళ ఎక్కువ. ఇది మెలటోనిన్ చేసిన పనని ఆ అధ్యయనం చెప్పలేదు, దాన్ని లాక్కొచ్చి మెలటోనిన్ ప్రకటనలో వాడటం తప్పు. కానీ రాత్రి పూట లైట్లు తగ్గించడం, కళ్లకు గంతలు, చెవులకు దూది, అత్యవసరం కాని పరీక్షలను పగటికి మార్చడం లాంటివి ఖర్చు లేనివి. 60 మిల్లీగ్రాముల డ్రిప్ కంటే ముందు అవి జరగడంలో అభ్యంతరం ఎవరికుంటుంది?

ఇకముందు రావాల్సిన ట్రయల్ ఎలా ఉండాలన్నది ఊహించడం కష్టం కాదు. వందల్లో రోగులు కావాలి. అత్యవసర పొట్ట ఆపరేషన్ అయినవాళ్లనే తీసుకోవాలి. రక్తంలో ఇంటర్‌ల్యూకిన్ ఎంత తగ్గిందన్నది పక్కన రాసుకోవచ్చు గానీ, లెక్కపెట్టాల్సింది పేగు లీకులను, విడిపోయిన కుట్లను, చీము పట్టిన గాయాలను, మళ్లీ థియేటర్‌కు వెళ్లినవాళ్లను. మందు పగలిచ్చినవాళ్లను, రాత్రిచ్చినవాళ్లను వేరుగా చూడాలి. సెప్సిస్‌లో గాయం మానడాన్నే ప్రధాన ఫలితంగా పెట్టుకున్న పెద్ద ట్రయల్ మెలటోనిన్‌తో ఇంతవరకూ రాలేదు. ఎలుక గాయం తెగే బలాన్ని కొలిచినంత శ్రద్ధ మనిషి గాయం మీద ఇంకా పెట్టలేదు.

ఈలోపు ఇళ్లలో ఉన్న మెలటోనిన్ సంగతి. అమెరికా నుంచి వచ్చే పిల్లల సూట్‌కేసుల్లో విటమిన్ డబ్బాల పక్కన ఇదీ ఉంటోంది. అక్కడ దీన్ని మందుగా కాక ఆహార అనుబంధంగా అమ్ముతారు. అక్కడి గమ్మీలను 25 రకాలు తీసుకుని పరీక్షించి 2023లో ప్రచురించిన అధ్యయనంలో 22 రకాల్లో లేబుల్ మీది అంకెకూ లోపలి మందుకూ పొంతన లేదు. ఒకదాంట్లో మెలటోనినే లేదు, మిగతావాటిలో 74 శాతం నుంచి 347 శాతం దాకా ఉంది. ఐసీయూలో ఉన్న మనిషికి ఇలాంటిదాన్ని బంధువులు చాటుగా ముక్కు గొట్టంలో వేయడం ప్రమాదకరం. ఇది మత్తును పెంచుతుంది, రోగి స్పృహ తగ్గడం జబ్బు వల్లో మాత్ర వల్లో డాక్టరుకు అర్థం కాదు. ఫ్లువాక్సమిన్ అనే మానసిక ఔషధం కాలేయంలో మెలటోనిన్ విరిగే దారిని మూసి రక్తంలో దాని మోతాదును అనేక రెట్లు పెంచుతుంది. రక్తం గడ్డకట్టకుండా చూసే వార్ఫరిన్ వాడుతూ మెలటోనిన్ వేసుకున్నవాళ్లలో రక్తస్రావం జరిగిన కేసులు వైద్య సాహిత్యంలో ఉన్నాయి. ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టరు "ఏమేం మందులు వాడుతున్నారు" అని అడిగినప్పుడు బీపీ, షుగరు మాత్రలతో పాటు దీని పేరూ చెప్పాలి, అది గమ్మీ అయినా సరే.